కదలుట నేర్చిన కెమెరా



ఈ సాయంకాలము నేను ముచ్చటింపనున్న విషయము మొదట మీకు వింతగా తోచవచ్చును. ఉన్నత పాఠశాల విద్యార్థులకు కెమెరా కదలికలను నేర్పుట యెట్లు, ఆ కదలికలు లోకమున ఏ యవసరమునుబట్టి పుట్టినవి అనునది నా ప్రసంగవిషయము. "పుస్తకము చదువవలసిన పిల్లలకు సినీమా తీయుట నేర్పెదరా?" అని నన్ను ముఖాముఖిగా అడిగిన పెద్దలు గలరు. వారి యనుమానము నిర్హేతుకము కాదు. కాని నేడు కెమెరా లేని యిల్లు అరుదు. సెల్ ఫోను రూపమున అది పిల్లవాని జేబులోనికే వచ్చినది. కత్తిపీట యింట నున్నప్పుడు దానిముందు కూర్చుండు విధము పిల్లలకు నేర్పకుందుమా?

నా తప్పుతోనే మొదలుపెట్టెదను. మొదటి సంవత్సరము ఈ పాఠము చెప్పునప్పుడు నేను నల్లబల్లపై పేర్లు వరుసగా వ్రాసితిని. కెమెరా నిలిచినచోటనే ప్రక్కలకు తిరిగినచో పాన్. క్రిందికిగాని మీదికిగాని వంగినచో టిల్టు. చక్రములమీద ముందువెనుకలకు పోయినచో ట్రాలీ. గాలిలోనికి లేచినచో క్రేను. పిల్లలు వానిని ఎక్కాలవలె కంఠస్థము చేసిరి. పిమ్మట ఒక చేనేత గ్రామమునకు పోయి, డెబ్బది యేండ్లు దాటిన యొక నేతగాని పనిని చిత్రించి తెచ్చిరి. నేర్చుకొన్న కదలికలన్నియు అందులో నున్నవి. చూరునుండి గుంటమగ్గమునకు, మగ్గమునుండి వాకిటికి, వాకిటినుండి ఆకాశమునకు కెమెరా తిరుగుచునే యుండెను. ఆ చిత్రమును ఆ వృద్ధునికే చూపించితిమి. ఆయన చివరివరకు ఓపికతో చూచి, "అంతా బాగానే ఉంది మాస్టారూ, మరి నా చేతులేవి?" అని అడిగెను.

నిజమే. అరువదేండ్లుగా నాడె విసరిన ఆ చేతులు రెండు క్షణములైనను తెరపై నిలువలేదు. తప్పు పిల్లలది కాదు, నాది. కదలికల పేర్లు చెప్పితినే గాని, అవి యెందుకు పుట్టినవో చెప్పనైతిని. మరుసటి యేటినుండి నేను ఈ పాఠమును చరిత్రతో ప్రారంభించుచున్నాను. ఆ చరిత్రనే నేడు మీకు సంగ్రహముగా విన్నవించెదను.

ఫ్రాన్సు దేశమున లూమియేర్ సోదరులు తాము నిర్మించిన యంత్రముతో చలనచిత్రములను 1895 డిసెంబరు 28వ తేదిని పారిస్ నగరమున రుసుము తీసికొని ప్రజలకు చూపిరి. 1896 జూలై 7వ తేదిని ఆ సోదరుల చిత్రములు బొంబాయిలోని వాట్సన్ హోటలులో ప్రదర్శింపబడినవి. ఆ చిత్రములలో ఒక్కొక్కటి యేబది సెకనులకు మించి యుండెడిది కాదు. కెమెరాను ముక్కాలిబల్లపై గట్టిగా బిగించి, దాని పిడిని సెకనుకు రెండు చుట్లచొప్పున చేతితో త్రిప్పవలసి యుండెను. పిడి త్రిప్పువాడు కదలినచో బొమ్మ చెదరును. కావున రైలు వచ్చినను, కూలీలు కర్మాగారమునుండి వెలువడినను, కెమెరా మాత్రము రచ్చబండవలె నిలిచి చూచుచుండెను. లోకము దానియెదుట నడచిపోవుచుండెను.

ఆ సంస్థ పక్షమున దేశదేశములు తిరిగిన అలెగ్జాండర్ ప్రోమియో అనునతడు 1896లో వెనిస్ నగరమునకు పోయెను. అచ్చట వీథులకు మారుగా కాలువలు గలవు. పడవలో పోవుచుండగా ఆతనికొక యూహ కలిగెను. నిలిచిన కెమెరా కదలువానిని చూపగలిగినప్పుడు, కదలు కెమెరా నిలిచినవానిని ఏల చూపరాదు? వెంటనే ముక్కాలిబల్లను పడవలో నిలిపి, గట్టునగల మేడలను చిత్రించెను. తెరమీద మేడలు మెల్లగా జారిపోవుట చూచి జనులు ఆశ్చర్యపడిరి. కెమెరా తన చోటు విడిచిన తొలి సందర్భములలో ఇది మిక్కిలి ప్రసిద్ధమైనది.

ఇందలి కిటుకును మీరందరు ఎరిగినవారే. రైలు కిటికీకడ కూర్చున్నప్పుడు దగ్గరి తంతిస్తంభములు వెనుకకు పరుగెత్తును. నడుమ నున్న పొలములు నెమ్మదిగా జరుగును. దూరపు కొండ మనతోకూడ వచ్చుచున్నట్లే తోచును. ఈ భేదమును బట్టియే మన కన్ను దూరమును కొలుచును. బల్లపరుపైన తెరమీద లోతు కలిగించు ఉపాయము పడవలో కూర్చున్న మనుష్యునికి దొరికినదన్నమాట.

మరుసటి సంవత్సరము, అనగా 1897లో, ఇంగ్లండున విక్టోరియా రాణి సింహాసనమునకు వచ్చి అరువదేండ్లు నిండిన వేడుకల ఊరేగింపు జరిగెను. రాబర్ట్ పాల్ అను యంత్రజ్ఞుడు దానిని చిత్రింపదలచెను. నిలుకడగానున్న కెమెరాయెదుటనుండి గుఱ్ఱపుబండ్లు క్షణములో దాటిపోవును. ఆతడు ముక్కాలిబల్లపైన పండ్లచక్రముతో తిరుగు తల నొకదానిని అమర్చి, ఊరేగింపు వెంట కెమెరా మొగమును త్రిప్పునట్లు చేసెను. పాన్ అను కదలికకు ఆ తిరుగుతల చక్కని సాధనమైనది.

పాన్‌కును ట్రాలీకిని గల భేదము పిల్లలకు తెలియుట కష్టము. నేను వారిని ఒకనాడు దేవాలయమునకు తీసికొనిపోయితిని. గాలిగోపురము క్రింద నిలువబెట్టి, కదలక తల మాత్రము త్రిప్పుచు ప్రాకారమును చూడుమంటిని. పిమ్మట గుడిచుట్టు ప్రదక్షిణము చేయుచు చూడుమంటిని. "ఏమి తేడా?" అని అడుగగా ఒక బాలిక, "మొదటిసారి చూసినప్పుడు మనం బయట ఉన్నామండీ, రెండోసారి గుడిలో ఉన్నామండీ" అని చెప్పెను. నేను ఏ పుస్తకమునందును ఇంతకంటె మంచి నిర్వచనమును చదువలేదు.

ఇటలీ దేశమున జొవాన్నీ పాస్త్రోనే అను దర్శకుడు ప్రాచీన కార్తేజి నగరకథతో "కబీరియా" అను చిత్రమును తీసి 1914లో విడుదల చేసెను. అంతకుముందు గుడ్డపై వ్రాసిన తెరలే మందిరములుగా చెల్లుచుండెడివి. ఈతడు మందిరములను ఘనముగా కట్టించెను. కాని నిలిచిన కెమెరాకు కట్టిన గోడయు వ్రాసిన గోడయు ఒక్కటియే. అందువలన చక్రముల బండిమీద కెమెరా నెక్కించి, ఏటవాలుగా, మిక్కిలి మెల్లగా నడిపించెను. స్తంభము వెనుకనుండి స్తంభము తొలగుచుండగా, చూచువారికి మందిరములోనికి పోయినట్లుండెను. ఆ బండికి ఆతడు 1912లోనే పేటెంటు పొందియుండెను. అమెరికాలో గ్రిఫిత్ 1916లో "ఇన్‌టాలరెన్సు" చిత్రమునకు బాబిలోను నగరపు కట్టడములను నిర్మించి, పట్టాలమీద నడచు గోపురములో ఎత్తుపల్లములకు పోవు బల్లపై కెమెరా నుంచి చిత్రించెను.

ఇంతవరకు కెమెరా కదలినది కట్టడములను, ఊరేగింపులను చూపుటకే. మనుష్యుని మనస్సును చూపుటకు అది కదలినది 1924లో. పెద్దలైన మీకు ఈ కథ కొంత విపులముగా చెప్పవలెనని నా కోరిక; ఏలయన నిది ఒక వృద్ధుని కథ.

జర్మనీ దేశమున మూర్నౌ దర్శకత్వమున వచ్చిన ఆ చిత్రము పేరునకు "కడపటి మనుష్యుడు" అని యర్థము. ఇంగ్లీషులో దానిని "ది లాస్ట్ లాఫ్" అందురు. ఒక పెద్ద హోటలు ద్వారముకడ బంగారు గుండీల కోటు తొడిగి నిలుచు వృద్ధుడు అందు నాయకుడు. ఆ కోటునుబట్టి ఆతని పేటలో అందరు ఆతనికి వందనము చేయుదురు. ఒకనాడు బరువైన పెట్టె మోసి అలసి, కొంచెముసేపు కూర్చుండెను. యజమాని చూచెను. మరునాడు ఆతని కోటు ఊడదీసి, క్రిందియంతస్తున చేతులు కడుగుకొను గదిలో తువ్వాళ్లందించు పనికి పంపిరి. కథ యింతే. ఎమిల్ జానింగ్స్ అను నటుడు ఆ వృద్ధుని పాత్ర ధరించెను. అది మూకీ చిత్రము. అయినను నడుమ నడుమ అక్షరములు చూపి కథ చెప్పు పద్ధతిని మూర్నౌ దాదాపు పూర్తిగా విడిచెను. మాట లేదు, వ్రాత లేదు. ఇక వృద్ధుని బాధను చెప్పవలసినది కెమెరాయే.

కార్ల్ మేయర్ కథను వ్రాయునప్పుడే కెమెరా నడకను గూడ ఆలోచించెను. కార్ల్ ఫ్రాయిండ్ ఛాయాగ్రాహకుడు. చిత్రారంభమున కెమెరా హోటలు లిఫ్టులో క్రిందికి దిగి, హాలును దాటి, ద్వారముకడకు పోవును. ఫ్రాయిండ్ సైకిలుపై కూర్చుండి ఆ పని నెరవేర్చెను. వివాహపు విందులో వృద్ధుడు త్రాగినప్పుడు లోకము ఆతని కన్నులకు తూలుచుండును. దానికై ఫ్రాయిండ్ కెమెరాను తన రొమ్మునకు కట్టుకొని, త్రాగినవానివలె తాను తూలెను. పెరటిలో ఒకడు బూరా నూదగా, కెమెరా బూరా నోటియొద్దనుండి వెనుకకు ఎగిరిపోవును. శబ్దము లేని చిత్రములో శబ్దము గాలిలో పయనించుట కంటికి కనబడినది! ముక్కాలిబల్ల సంకెల వీడిన కెమెరా అని జర్మనులు దీనిని కొనియాడిరి.

ఈ చిత్రభాగములను చూపినప్పుడు పిల్లలు మొదట సైకిలు సంగతి విని నవ్వుదురు. నేను వారిని ఒక్క ప్రశ్న అడుగుదును: "తూలుచున్నది ఎవరు?" వారు కొంచెమాలోచించి, "ఆ ముసలాయన" అందురు. నేతగాని చిత్రమున తూలినది నేతగాడు కాదు, చిత్రించినవారు. ఆ భేదము తెలిసిననాడు వారికి సగము విద్య వచ్చినట్లే.

1927 తరువాత టాకీలు వచ్చినవి. ఇచ్చట చరిత్ర వెనుకకు నడచినది. కెమెరా చేయు గరగర శబ్దమును మైక్రోఫోను పట్టివేయుచుండుటచేత, కెమెరాను, దాని మనిషిని గూడ అద్దపు కిటికీ గల గదివంటి పెట్టెలో నుంచి తలుపు వేసిరి. లోపల ఉక్కతో మనుష్యులు సొమ్మసిల్లునంత పని. నటులు దాచియుంచిన మైక్రోఫోను చెంత గుమిగూడి మాటలాడిరి. స్వేచ్ఛగా తిరిగిన కెమెరా మరల రచ్చబండ యైనది. మన తెలుగుభాషలో "భక్త ప్రహ్లాద" వెలువడినది 1932లో. ఆ కాలపు టాకీలు పెక్కు నాటకము నెదుట కూర్చుండి చూచినట్లే యుండుటకు ఇదియు నొక కారణము. అమెరికాలో మామూలియన్ అను దర్శకుడు 1929లోనే ఆ పెట్టెకు చక్రములు కట్టించి కదలించెను. క్రమముగా కెమెరాకు మాత్రమే శబ్దము వెలికిరాని తొడుగు వేయుట నేర్చిరి. దానితో మరల నడక సాధ్యమైనది.

1929 నుండియే పెద్ద క్రేనులును వచ్చినవి. 1939లో వెలువడిన "గాన్ విత్ ది విండ్" అను చిత్రమున ఒక యువతి వైద్యుని వెదకుచు రైలు స్టేషనునకు వచ్చును. మొదట ఆమె ముఖమే మనకు కనబడును. కెమెరా మెల్లగా పైకి లేచును. ఆమె చుట్టు గాయపడిన సైనికులు పదులు, వందలుగా నేలమీద పరుండి కనబడుదురు; ఆమె ఒక చుక్కయై పోవును; కడపట చినిగిన జెండా యొకటి తెరపైకి వచ్చును. ఒక మనిషి యవసరముతో ప్రారంభించి, ఒక దేశపు దుఃఖముతో ఆగిన కదలిక యది. ఎచ్చట మొదలిడవలెనో తెలిసినంత మాత్రమున చాలదు. ఎచ్చట ఆగవలెనో తెలియవలెను.

తరువాత జూమ్ అను కటకము వాడుకలోనికి వచ్చి, కెమెరా కదలకయే దూరపు వస్తువును దగ్గరగా చూపు సౌకర్యము కలిగించినది. పిల్లలకు దీనిమీద మక్కువ యెక్కువ, ఏలయన నడువ నక్కరలేదు! అందుచే వారిచేత ఒక ప్రయోగము చేయింతును. పాఠశాల వరండా చివర ఒక బాలుని కూర్చుండబెట్టి, ఒకసారి జూమ్‌తోను, ఒకసారి కెమెరా పట్టుకొని నడచిపోయియు చిత్రింపుమందును. జూమ్‌లో బాలుడు, స్తంభములు, వెనుకటి గోడ అన్నియు సమముగా పెద్దవగును. నడచినప్పుడు స్తంభములు ఇరుప్రక్కల తొలగిపోవును, మనము బాలుని సమీపింతుము. హిచ్‌కాక్ 1958లో "వెర్టిగో" చిత్రమున ఈ రెంటిని ఎదురెదురుగా నడిపించెను. కెమెరా వెనుకకు పోవుచుండగా జూమ్ ముందునకు వచ్చును. మెట్లబావి పాతాళమువలె సాగినట్లు కనబడును. ఎత్తునుండి చూచి భయపడు మనుష్యుని తలతిరుగుడు అది. నిజమైన మెట్లకు బదులు చిన్న నమూనా చేయించి, దానిని ప్రక్కకు పరుండబెట్టి ఈ ముక్కను చిత్రించిరి.

అమెరికా దేశీయుడైన గ్యారెట్ బ్రౌన్ 1975 ప్రాంతమున స్టెడీక్యామ్ అను సాధనమును లోకమునకు చూపెను. పట్టాలు లేక, మనుష్యుడు నడచుచు, మెట్లెక్కుచు చిత్రించినను బొమ్మ కుదుపునకు లోనుగాదు. 1976లో వచ్చిన "బౌండ్ ఫర్ గ్లోరీ", "రాకీ" చిత్రములలో దీనిని వాడిరి. ఒంటికి తొడిగిన కవచము, దానికి స్ప్రింగులు గల చేయి, ఆ చేతి చివర క్రిందుమీదుల బరువు సరిదూచిన కెమెరా. మన గ్రామములలో నీళ్లబిందె తలపై నుంచుకొని చుక్క తొణకక గట్టెక్కు స్త్రీ ఆ సూత్రమును శరీరముతోనే ఎరుగును; మోకాళ్లు, నడుము కుదుపును మ్రింగివేయును, బిందె తన దారిని తాను పోవును. మా పిల్లలు కెమెరా పట్టకముందు నిండు గ్లాసుతో వరండా పొడవున నడచుట అభ్యసింతురు.

"ఇంత విద్యకు ధనమెక్కడిది?" అని మీరడుగవచ్చును. 1919లో మాస్కో నగరమున ప్రపంచములోని మొదటి సినీమా పాఠశాల నెలకొన్నది. అప్పుడు ఆ దేశమున ఫిలిము దుర్లభము. కులెషోవ్ అను ఆచార్యుడు, ఆతని శిష్యులు ఫిలిము లేకయే అభినయించి, ఫిలిము లేని ఫిలిములు చేసి పాఠములు నేర్చుకొనిరి. మన దేశమున ప్రభుత్వపు సినీమా విద్యాలయము పూనాలో 1960లో, పూర్వపు ప్రభాత్ స్టూడియో ఆవరణమున వెలసినది. మేము ఆ మాస్కో శిష్యులనే తలచుకొని, అట్టముక్కలో నలుచదరపు రంధ్రము కోసి, ఒక నెల దానితోనే చూచుట నేర్పుదుము. రంధ్రములో ఏమున్నది, ఏమి వెలిబడినది అని పిల్లలు వ్రాసి చూపవలెను.

ఉయ్యాలయు మంచి గురువే. సత్యజిత్ రాయ్ 1964లో తీసిన "చారులత" చిత్రమున, ఇంట ఒంటరిగానుండు నాయిక ఉద్యానములో ఉయ్యాలలూగును. సుబ్రతో మిత్రా కెమెరాను ఆమెతోపాటు ఊగించెను. ఆమె ముఖము తెరలో నిలిచియుండగా, వెనుక తోట యంతయు ఊగును. ఏండ్లతరబడి కదలిక యెరుగని మనస్సు కదలినదని ఒక్క మాటయైనను లేక తెలియుచున్నది. వేపకొమ్మకు త్రాడు కట్టి మా పిల్లలును దీనిని చేసి చూచిరి. ఇద్దరు క్రింద పడిరి. పాఠము మాత్రము మరువరు.

కడపట ఆ నేతగాని సంగతి చెప్పి ముగించెదను. పిల్లలు రెండవసారి ఆయన యింటికి పోయిరి. ఈసారి మూడు ప్రశ్నలకు జవాబు వ్రాసికొనిగాని కెమెరా ముట్టరాదంటిని: చూచుచున్నది ఎవరు? ఏల కదలవలెను? ఎచ్చట ఆగవలెను? వారు మొదట కెమెరాను ఆయన చేతులమీద నిలిపి, రెండు నిమిషములు కదల్పనేలేదు. నాడె అటునిటు పోవుచుండెను; పేక పడుచుండెను; గుంటలో కాళ్లు తొక్కుచున్న చప్పుడు వినవచ్చుచుండెను. పిమ్మట ఒక్కటే కదలిక. కెమెరా మెల్లగా వెనుకకు జరిగినది. ఆయన ప్రక్కన ఒక మగ్గము కనబడినది. దానిమీద పడుగు లేదు. ఇంకొకటి కనబడినది, అదియు వట్టిదే. అయిదు గుంటల ఆ కొట్టములో ఒక్క మగ్గము మాత్రమే నడచుచున్నది. కెమెరా వాకిటికడ ఆగిపోయినది. మొదటి చిత్రములోను ఆ వట్టి మగ్గము లున్నవి. కాని గిరగిర తిరుగు కెమెరాలో అవి యెవరికిని కనబడలేదు.

ఆ వృద్ధుడు ఈ చిత్రమును చూచి చాలసేపు మాటాడలేదు. పిమ్మట ఆ వట్టి మగ్గములను వ్రేలితో చూపుచు, ఒక్కొక్కదానిమీద నేసినవారి పేర్లు పిల్లలకు చెప్పసాగెను. పిల్లలు నోటుపుస్తకములు తీసి వ్రాసికొనిరి.

పెద్దలారా, మీ మనుమడు రేపు సెల్ ఫోను పట్టుకొని మీయెదుటికి వచ్చినచో విసుగుకొనకుడు. "నాయనా, ఎందుకు కదులుతున్నావు? కాసేపు ఆగి చూడు" అని చెప్పుడు. మీ చేతులను, మీరు చూపదలచిన దానిని ఆతనికి చూపుడు. మిగిలిన పాఠము బడిలో మేము చెప్పెదము.